మూడు ఆటోల సామాను

2024 జూన్‌లో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని పెద్దావిడ ఒకరు గుమ్మం దగ్గర ఆగి, "అయ్యగారూ, ఇల్లు అమ్మేస్తున్నాను. ఒకసారి వచ్చి ప్రార్థన చేసి వెళ్లండి" అన్నారు. పునాదిరాయి వేసేటప్పుడు ప్రార్థన చేశాను, గృహప్రవేశాలకు చేశాను, కొత్త కార్ల ముందు నిలబడి కూడా చేశాను. అమ్మబోయే ఇంటికి ప్రార్థన చేయమని అడిగినవారు మాత్రం ఆమే మొదలు. ఏమని ప్రార్థించాలో ఆ క్షణాన తోచలేదు గానీ, తప్పకుండా వస్తానమ్మా అని మాట ఇచ్చాను.

మా సంఘం సంగతి రెండు మాటలు చెబితే తప్ప మిగతాది అర్థం కాదు. జూబ్లీహిల్స్ అంటే ఒకప్పుడు ఉత్త రాళ్లగుట్టలు. 1960లలో చల్లగళ్ల నరసింహారావుగారి పూనికతో హౌసింగ్ సొసైటీ ఏర్పడిన తర్వాతే అక్కడ ఇళ్లు లేవడం మొదలైంది. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. ఆ తర్వాత ఇటువైపు పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. మద్రాసు కోడంబాకంలో స్థిరపడిన తెలుగు సినిమావారు ఒక్కొక్కరే తరలి రాగా ఫిలింనగర్ నిండింది. ఆ ఇళ్లకు రాళ్లు కొట్టినవారు, ఇసుక మోసినవారు, స్టూడియోల్లో లైట్లు మోసినవారు, వంటకీ డ్రైవరు పనికీ వచ్చినవారు అవే గుట్టల వాలులో గుడిసెలు వేసుకున్నారు. ఈనాటి ఫిలింనగర్ బస్తీలు అవే. మా ఆరాధనకు పైనుంచీ వస్తారు, కిందినుంచీ వస్తారు. కూర్చునే బెంచీ ఒకటే గానీ, ఆరాధన అయ్యాక ఎవరి దారి వారిది. దానికి నేను అలవాటు పడిపోయాను. అదే నా తప్పుకు మూలమని తర్వాత తెలిసింది.

ఈ అమ్మగారి భర్త సినిమాలకు దుస్తులు కుట్టించి ఇచ్చే వృత్తిలో ఉండేవారు. మద్రాసులో దర్జీగా మొదలై, 1986లో హైదరాబాదు వచ్చి, 300 గజాల స్థలంలో కిందా పైనా కలిపి ఒక ఇల్లు కట్టుకున్నారు. పై అంతస్తంతా కుట్టు మిషన్లు, ఇనప ట్రంకుపెట్టెలు. 2021 మే నెలలో కరోనా రెండో అల ఆయనను తీసుకుపోయింది. సమాధి దగ్గర మేము ఐదుగురమే ఉన్నాం. ఆ వారం తాళం వేసిన పై గదులను ఆమె మూడేళ్లపాటు తెరవలేదు. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో ఉంటారు. "ఆయన పోయాక ఈ ఇంట్లో నా అడుగుల చప్పుడు నాకే వినబడుతోందండీ" అన్నారామె, ప్రార్థనకు వెళ్లిన రోజున.

అప్పటికే బ్రోకరు వచ్చి కూర్చున్నాడు. గోడలకు సున్నం వేయించాలా, పగిలిన గచ్చు బాగు చేయించాలా అని ఆమె అడిగితే అతడు నవ్వాడు. "ఇల్లు ఎట్లున్నా ఫరక్ పడదమ్మా. కొన్నోళ్లు ఎట్లాగూ కూలగొడ్తరు. జాగా చూస్తరు, కాగితాలు చూస్తరు. ఖాళీ చేసిస్తే చాలు" అన్నాడు. అమెరికాలో ఇల్లు అమ్మేముందు సామాను సగానికి తగ్గించి, కుటుంబం ఫొటోలు కూడా గోడలమీంచి తీసేస్తారట. కొనవచ్చినవారు ఆ గదుల్లో తమను తాము ఊహించుకోవాలని అలా చేస్తారని ఆమె కుమారుడు ఫోన్‌లో చెప్పాడు. ఇక్కడ గదుల్ని చూసేవారే లేరు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచినప్పటినుంచీ, తర్వాత 2019లో మెట్రో, 2020లో దుర్గం చెరువు తీగల వంతెన వచ్చాక మరీనూ, ఈ గుట్టలమీద విలువంతా ఇంటినుంచి గజానికి మారిపోయింది. ఆయన రాత్రింబగళ్లు కుట్టి కట్టిన గోడలు లెక్కలోకి రావని ఆమె ఆ రోజే విన్నారు. టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు.

కాగితాల దగ్గర పెద్ద చిక్కే వచ్చింది. ఆయన వీలునామా రాయలేదు. మన క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి తెలియని సంగతి గనుక ఇక్కడ చెబుతున్నాను. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా భర్త చనిపోతే, పిల్లలున్నప్పుడు భార్యకు వచ్చేది మూడో వంతే. మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా చెందుతాయి. అంటే ముగ్గురూ సంతకం చేయాలి. డాలస్‌లోని అబ్బాయి హ్యూస్టన్ కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసి జీపీఏ పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. అదంతా జరిగే పనే. కానీ స్థలం కొన్నప్పటి అసలు దస్తావేజు కనబడలేదు. నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దొరుకుతుంది గానీ, అసలు పోయిందంటే పోలీసులకు ఫిర్యాదు చేసి, పేపర్లో ప్రకటన వేయాలి. ఈలోగా కొనేవాడికి బేరం దించడానికి సందు దొరుకుతుంది. "ఆయన ఎక్కడో భద్రంగానే పెట్టి ఉంటారు. అదే భయం" అన్నారామె.

అలా పై గదుల తాళాలు తెరిచాం. కూతురు బెంగళూరునుంచి వారం సెలవు పెట్టి వచ్చింది. మన సంఘ యవనస్థులు ఆరుగురిని నేను తీసుకెళ్లాను. ఆ అమ్మాయి ఏదో వీడియో చూసి నాలుగు రంగుల చీటీలు తెచ్చింది. ఆకుపచ్చ అంటిస్తే ఉంచుకునేది, పసుపు అమ్మేది, నీలం ఎవరికైనా ఇచ్చేది, ఎరుపు పారేసేది. తల్లి చేతికి చీటీల కట్ట ఇస్తే ఆమె మొదటి గంటలో ఒక్కటీ అంటించలేదు.

ఆ పెట్టెల్లో ఉన్నవాటిని చూస్తే ఎవరికైనా చెయ్యి ఆగుతుంది. ఒక పెట్టెలో ఒకే ఎర్ర చొక్కా నాలుగుసార్లు ఉంది. ఎందుకని అడిగాను. "ఒకటి హీరోకి, ఒకటి డూపుకి, ఒకటి వాన సీనుకి, ఇంకోటి రక్తం పూసేదానికి" అని ఆమె చూడకుండానే చెప్పారు. ప్రతి దుస్తుకూ గుండుసూదితో గుచ్చిన చీటీ, దానిమీద సీను నంబరు. షూటింగు మధ్యలో ఆగి మూడు నెలల తర్వాత మళ్లీ మొదలైతే అదే చొక్కా, అదే బొత్తాం ఊడి ఉండాలి కదా! తెల్లని పొడుగు అంగీలు ఒక కట్ట బయటపడ్డాయి. అవి తెలుపు కాదు, లేత గోధుమ రంగు. మంచి తెలుపు కెమెరాకు మరీ మెరుస్తుందని టీ డికాక్షన్‌లో ముంచి ఆరేసేవారట. వెండి జరీ నల్లబడింది. రెక్సిను పొట్టులు లేచిపోయింది. భుజకీర్తుల లోపల కుట్టిన స్పాంజి చేత్తో తాకితే పసుపుపొడిలా రాలింది. కింది మూడు పెట్టెల్లో చిమ్మెటలు, వెండిపురుగులు. చిమ్మెట కొట్టిన వస్త్రాలను గురించి యాకోబు తన పత్రిక ఐదవ అధ్యాయంలో ధనవంతులకు చేసిన హెచ్చరికను నేను ఎన్నిసార్లు ప్రసంగించానో. ఆ వాసన మాత్రం మొదటిసారి పీల్చాను.

కొలతల పుస్తకాలు పద్దెనిమిది దొరికాయి. పేరున్న నటీనటుల నడుము, భుజం కొలతలన్నీ అందులో ఉన్నాయి. మా యవనస్థుడొకడు అత్యుత్సాహంగా పేజీలు తిప్పబోతే ఆమె పుస్తకం మూసి, "దర్జీ దగ్గర చెప్పినది పాదిరిగారి దగ్గర చెప్పినట్టే బాబూ" అన్నారు. ఆ పద్దెనిమిదీ ఆమే తన చేతులతో చింపి నీళ్లలో నానబెట్టారు.

దస్తావేజు మూడో రోజు సాయంత్రం దొరికింది. పౌరాణికాల పెట్టె అడుగున, కిరీటాల కింద పరిచిన పాత వార్తాపత్రిక కింద, ప్లాస్టిక్ కవరులో ఉంది. లూకా 15లో పోయిన నాణెం దొరికిన స్త్రీ పొరుగువారిని పిలిచి సంతోషించింది కదా, ఈమె మా అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. కూతురు ఊపిరి పీల్చుకుంది. ఇక మిగిలిందల్లా సామాను. సెలవు రెండు రోజులే ఉంది.

ఇక్కడే నేను కల్పించుకున్నాను. "అమ్మా, మీరు దిగులుపడకండి. నీలం చీటీలన్నీ మన బస్తీ కుటుంబాలకు పంపిద్దాం. దేవుని బిడ్డలకు ఉపయోగపడతాయి" అన్నాను. ఆ మాట ఎంత హాయిగా పనిచేసిందంటే, ఎర్ర చీటీలు కూడా నీలంగా మారిపోయాయి. పారేయడానికి మనసొప్పనివన్నీ ఇవ్వడానికి ఒప్పుకుంది. మూత లేని కుక్కరు, తిరగని మిక్సీ, స్ప్రింగులు లేచిన సోఫా, పురుగు కొట్టిన వెల్వెట్టు, జత లేని చెప్పులు, ఎవరివో కాలం చెల్లిన కళ్లద్దాలు. మూడు ట్రాలీ ఆటోలు నిండాయి. నేనే ముందు ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లి, ప్రార్థన జరిగే రేకుల షెడ్డు ముందు దింపించి వచ్చాను. ఆ ఆదివారం ప్రకటనల్లో ఆ సంగతి చెప్పి, ఆ కుటుంబం నిమిత్తం స్తుతి చెల్లించాను కూడా. పైవారు సంతోషించారు. కిందివారు తలలు వంచుకున్నారు. నేను దాన్ని వినయమనుకున్నాను.

బుధవారం గృహ ప్రార్థనకు బస్తీకి వెళ్లాను. షెడ్డు ముందు సోఫా వానకు తడిసి ఉంది. వెల్వెట్టు అంగీమీద ఒక కుక్క పిల్లల్ని పెట్టింది. ప్రార్థన ముగిశాక, అక్కడి గుంపును ఏళ్లుగా నడిపిస్తున్న సహోదరి నన్ను పక్కకు పిలిచింది. పాలమూరునుంచి కూలికి వచ్చి స్థిరపడిన మనిషి. నాకంటే పెద్దది. నాకు ఎదురు మాట్లాడటం అంతకుముందు ఎన్నడూ వినలేదు.

"అయ్యగారూ, ఏమనుకోవద్దు. మీరు పంపినయి మంచిగున్నయో లేదో ఒక్కసారన్న చూసిన్రా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను.

"మా ఇండ్లు పది అడుగులుంటయి. సోఫా ఎక్కడ వెట్టుకోవాలె? పని జేసే ఇండ్లల్ల పాతయి ఇస్తనే ఉంటరు. తీసుకోకుంటే పని పోతదని తీసుకుంటం. గుడి నుంచి గూడ గట్లనే అస్తే ఇగ ఎవలికి చెప్పుకోవాలె? సగం పారెయ్యనీకి బండాయనకు ఆరువందలిచ్చినం. అందరం చందాలేసుకొని."

ఆరువందల రూపాయలు. నేను స్తుతి చెల్లించిన ఆ అర్పణను పారేయడానికి, ఆ అర్పణ పొందినవారు చందా వేసుకున్నారు. ఇంటికి వెళ్లాక భోజనం సయించలేదు. మా ఇంట్లో విషయం చెబితే ఆమె, "మరి మీ గుడి స్టోర్ రూంలో ఉన్న విరిగిన ఫ్యాన్లు కూడా పంపించారా, లేదా?" అంది. పదేళ్లనాటి సండేస్కూలు చార్టులు, పగిలిన స్పీకర్లు, చిల్లుపడిన డోలు, అన్నీ 'దేవునివి గనుక' అని పారేయకుండా దాచుతున్నాను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2004లో సునామీ వచ్చినప్పుడు దేశమంతటినుంచీ తమిళనాడు తీరానికి పాత బట్టలు పంపారు. వాటిలో చాలాభాగం ఎవరూ వేసుకోలేక రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం పత్రికల్లో వచ్చింది. ఇల్లు మునిగిన తల్లికి జత లేని చెప్పు పంపినవారంతా రాతిగుండెవాళ్లు కారు. వాళ్లూ నాలాగే తృప్తిగా ఆటో ఎక్కించి ఉంటారు.

ఆ రాత్రి సమూయేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయం తెరిచాను. అరౌనా తన కళ్లాన్నీ ఎడ్లనూ కట్టెలనూ ఉచితంగా ఇస్తానంటే, తనకు ఖర్చు లేనిదాన్ని దేవునికి అర్పించనని దావీదు వద్దన్నాడు. ఏబది తులముల వెండి ఇచ్చి కొన్నాడు. ఈ భాగం మీద కానుకల పండుగకు నేను చేసిన ప్రసంగాలన్నీ సంఘస్థుల జేబులను గురించినవే. తర్వాత యిర్మీయా 38 కూడా చదివాను. బురదగోతిలో ఉన్న ప్రవక్తను పైకి లాగడానికి ఎబెద్మెలెకు అనే కూషీయుడు ఖజానా కింది గదినుంచి తెచ్చినవి చింకిపాతలే. పాతబట్టలు తప్పని లేఖనం చెప్పదు. కానీ అతడు వాటిని గోతిలోకి విసిరేయలేదు. తాళ్లతో దించాడు. తాడు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోమని చెప్పాడు. ఆ మనిషికి ఎక్కడ నొప్పి పుడుతుందో ముందే ఆలోచించాడు. నేను మూడు ఆటోలు పంపుతూ ఒక్కరినీ ఏం కావాలని అడగలేదు.

మరునాడు వెళ్లి అమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. నా తప్పేనని చెప్పాను. ఆమె బాధపడతారనుకున్నాను గానీ సిగ్గుపడ్డారు. అది చూడటం ఇంకా కష్టమైంది. కాసేపటికి, "ఆయన బతికుంటే చిరుగు కుట్టకుండా ఏ బట్టా గడప దాటనిచ్చేవారు కాదు" అన్నారు. పై గదిలో అప్పటికే పసుపు చీటీ అంటించిన సింగర్ మిషను చీటీ పీకేశారు. "అయ్యగారూ, కుట్టుపని వచ్చినవాళ్లు మీ బస్తీలో ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారు. అలా అడిగితేనే నాకూ తెలిసింది. ఇద్దరు బొటిక్కులకు ఇంటిదగ్గర చేతిపని చేసేవారు, ఒకామె జూనియర్ ఆర్టిస్టుగా తిరిగి మానేసినావిడ. నాతో మాట్లాడిన సహోదరి వారిని వెంటబెట్టుకుని వచ్చింది. రెండు వాకిళ్లమధ్య అర కిలోమీటరు కూడా ఉండదు. అయినా పని కోసం కాకుండా ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. వారు పెట్టెలన్నీ మళ్లీ తిరగేశారు. మాకు మంచివనిపించిన పట్టులను పక్కకు తోసి, మేము చూడని నూలుచీరలు, దుప్పట్లు, లంగా గుడ్డలు ఏరారు. నూలువన్నీ బొంతలకు పనికొస్తాయన్నారు. గొర్రెల కాపరుల కంబళ్లు, ఆ టీ రంగు అంగీలు, బాగున్న రెండు కిరీటాలు క్రిస్మసు నాటకానికి తీసిపెట్టారు. కిరీటాలు చూసి ఆ సహోదరి, "జ్ఞానులు ముగ్గురు కదా, ఇంకోటి యాడుంది?" అని అడిగింది. మూడోదాని స్పాంజి రాలిపోయిందంటే అమ్మగారే కూర్చుని కొత్త అస్తరు వేశారు.

అయితే దీనికి మూడు వారాలు పట్టింది. కొనేవారు ఒప్పందం గడువు దాటుతోందని కబురు చేశారు. అడ్వాన్సు వెనక్కి అడుగుతారేమోనని కూతురు భయపడింది. "పాస్టర్‌గారూ, మీరు ప్రార్థన చేస్తారనుకుంటే పని పెంచారు" అని ఫోన్‌లో గట్టిగానే అంది. ఆమె కోపంలో న్యాయముంది. మళ్లీ సెలవు పెట్టాల్సి వచ్చింది ఆమెకే గదా. తల్లి మాత్రం గడువు పొడిగించమని తానే అడిగి, బదులుగా కొంత ధర తగ్గించుకున్నారు. ఎంతని నేనడగలేదు. బొంతకు నూటయాభై చొప్పున కుట్టుకూలి కూడా ఆమే ఇచ్చారు. ఊరికే కుడతామని వాళ్లంటే ఒప్పుకోలేదు. చందాలేసిన ఆరువందలు నేను చెల్లించాను. ఆ సహోదరి రెండుసార్లు వద్దని, మూడోసారి లెక్కబెట్టుకుని తీసుకుంది.

ఇల్లు ఖాళీ చేయబోయే పాఠకులకు నా అనుభవం చెబుతున్నాను. ముందు కాగితాలు వెదకండి, సామాను తర్వాత. వీలైతే మనిషి బతికుండగానే పెట్టెలు తెరవండి. ఏ చొక్కా దేనికో చెప్పడానికి ఆ మనిషి ఉండాలి. ఎవరికైనా ఇవ్వదలిస్తే అడిగి ఇవ్వండి, ఉతికి ఇవ్వండి. పారేయవలసినదాన్ని పారేసే ధైర్యం కూడా కావాలి. ఆ తడిసిన సోఫాను చివరికి నేనే డబ్బిచ్చి ఎత్తించాను.

అన్నీ ఇచ్చేశాక కూడా ఆమె దగ్గర రెండు మిగిలాయి. ఆయన కొలత టేపు, పెద్ద కత్తెర. టేపు మీద అంకెలు చెరిగిపోయాయి. దానితో ఇక ఏదీ కొలవడం కుదరదు. కూతురు ఎర్ర చీటీ తీసి, తల్లి ముఖం చూసి, మళ్లీ జేబులో పెట్టుకుంది. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు పట్టుకుని ఏడుస్తూ పేతురుకు చూపించారని అపొస్తలుల కార్యములు 9లో ఉంది. వాటిని దింపి రమ్మని పేతురు చెప్పినట్టు లేదు. నేనూ ఏమీ అనలేదు.

సెప్టెంబరులో రిజిస్ట్రేషను అయింది. అమ్మగారు కూతురితో బెంగళూరు వెళ్లిపోయారు. వెళ్లేముందు ఖాళీ ఇంట్లో ప్రార్థన చేయమంటే, ఈసారి ఏమనాలో నాకు తెలిసింది. మేము నలుగురం, బస్తీ నుంచి వచ్చిన నలుగురూ, గచ్చుమీద ఒక బొంత పరుచుకుని కూర్చున్నాం. నెల తిరగకుండానే ఆ ఇంటిని కూల్చారు. సింగర్ మిషను ఇప్పుడు రేకుల షెడ్డులో ఉంది. పగలు కుడతారు, బుధవారం సాయంత్రం దానిమీద గుడ్డ కప్పి బైబిలు పెట్టుకోవడానికి నాకిస్తారు.

మొన్న ఆ బుధవారం ప్రార్థన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఆ సహోదరి అడిగింది. "అయ్యగారూ, గుడి స్టోర్ రూం తాళం మీ దగ్గరనే ఉందంట గద. ఎప్పుడు రమ్మంటరు?"

శనివారం రమ్మన్నాను.